అట్లాసులో జానెడు



ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్తు బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆస్ట్రేలియా పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గొర్రెలు, గోధుమలు, బంగారు గనులు, కంగారూలు. గోడకు పటం తగిలించి, బెత్తం మొనతో ఇది సిడ్నీ, ఇది మెల్‌బోర్న్, అదిగో ఆ కొసన పెర్త్ అని చూపించేవాణ్ణి. బెత్తం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి ఎంతసేపు? కన్ను మూసి తెరిచేంత.

అట్లాసు చేసే మోసమే అది. శ్రీలంకకూ ఒక పేజీ ఇస్తుంది, ఆస్ట్రేలియాకూ ఒక పేజీయే ఇస్తుంది. పేజీ అడుగున స్కేలు ఉంటుంది, చీమతలకాయంత అక్షరాల్లో. ముందు స్కేలు చూడండిరా అని పిల్లల చెవులు మెలిపెట్టిన పంతులే, తన టికెట్ల దగ్గరికి వచ్చేసరికి స్కేలు చూడలేదు. ఆ సంగతే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా బిడ్డ, అల్లుడు మెల్‌బోర్న్‌లో ఉంటారు. రమ్మని మూడేళ్లుగా పోరు. ఇంట్లో తొంభైకి దగ్గరపడ్డ మా అమ్మ ఉంది. మా తమ్ముని ఇంట్లో పదిహేను రోజులైతే ఉంటా, పదహారో రోజు నా ఇంటికి నేను పోతా అని ముందే ఖరారు చేసింది. అంటే మా చేతిలో ఉన్నది పదిహేను రోజులు. అదే మొదటిసారి దేశం దాటడం. మళ్లీ పోతామో లేదో. అందుకని ఒక రూళ్ల కాగితం మీద రాసుకున్నాను: మెల్‌బోర్న్, సిడ్నీ, గోల్డ్ కోస్ట్, పగడపు దిబ్బల కోసం కెయిర్న్స్, ఎడారి నడుమ ఎర్రబండ ఉలూరు, చివరికి పెర్త్. పట్నంలో ఒక ఏజెంటుకు చూపిస్తే ఆయన తల ఊపి, ఆరు చోట్లకూ లెక్కకట్టి కాగితం చేతిలో పెట్టాడు.

ఆ కాగితం ఫోన్లో పంపించాను. ఐదు నిమిషాలకు బిడ్డ నుంచి ఫోను. "బాపూ, ఇది వేములవాడ, కొండగట్టు, ధర్మపురి అనుకున్నవా ఏంది?"

నిజంగానే అనుకున్నాను. మన దిక్కు మొక్కులున్న వాళ్లందరికీ ఆ తిరుగుడు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి జీపు మాట్లాడుకొని కరీంనగర్‌లో బయలుదేరితే పొద్దు పొడిచేసరికి వేములవాడ. ధర్మగుండంలో స్నానం, రాజన్నకు కోడె మొక్కు. పొద్దెక్కేసరికి కొండగట్టు అంజన్న. పొద్దు వాలేసరికి ధర్మపురి, గోదావరిలో కాళ్లు కడుక్కొని నర్సింహస్వామి దర్శనం. రాత్రి బువ్వకు ఇల్లు. ఎక్కడి నుంచి ఎక్కడికైనా గంట, మహా అయితే గంటన్నర. ఒక్కరోజులో ముగ్గురు దేవుళ్లు. ఆ అలవాటే కట్టుకొని ఖండం మీదికి పోదామని చూశాను.

ఆ ఖండం ఎంతో చెబుతాను వినండి. సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశం సుమారు 33 లక్షలు. మన తెలంగాణ 1 లక్షా 12 వేలు. అంటే 68 తెలంగాణలను పక్కపక్కన పరిస్తే ఆ ఒక్క దేశం. అంత నేల మీద ఉన్న జనం 2.7 కోట్లు. 2011 లెక్కల్లోనే మనం మూడున్నర కోట్లు. ఆ కొద్ది జనమూ చాలావరకు సముద్రపు అంచునే ఉంటారు, నడుమంతా ఎడారి. మెల్‌బోర్న్‌కూ పెర్త్‌కూ మధ్య ఆకాశమార్గాన 2,700 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు దారం లాగి పట్టుకోండి, ఇంచుమించు అంత. సిడ్నీ నుంచి పెర్త్‌కు ఇండియన్ పసిఫిక్ అనే రైలు ఉంది. 4,352 కిలోమీటర్లు, రైల్లోనే మూడు రాత్రులు. ఆ దారిలో నల్లార్‌బోర్ అనే మైదానం వస్తుంది. అక్కడ 478 కిలోమీటర్లు పట్టాలు ఒక్క వంకర తిరగవు. హైదరాబాదు నుంచి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదు దాటి నాగపూర్ దాకా రోడ్డు ఎంత పొడుగో, దాదాపు అంత దూరం గీత గీసినట్టు.

నాగపూర్ రోడ్డు అంటే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొస్తాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు మీదుగా, మన నిర్మల్ మీదుగా, నాగపూర్ దాటి కాశీకి పోయాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. పదిహేను నెలల పైచిలుకు. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ అంగళ్లు ఉంటాయి, ఏ దారి రాళ్లదారి అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆయనకు పదిహేను నెలలు, మాకు పదిహేను రోజులు. ఆయనకు దారే యాత్ర. మాకు దారి అంటే సమయం తినేసే దండగ.

ఎంత దండగో బిడ్డ ఫోన్లోనే లెక్క చెప్పింది. ఇల్లు విడిచి మెల్‌బోర్న్ చేరడానికి ఒక పగలూ రాత్రీ, తిరిగి రావడానికి అంతే. మనకంటే వాళ్ల గడియారం నాలుగున్నర గంటలు ముందు, వాళ్ల ఎండకాలంలో అయిదున్నర. మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర, అర్ధరాత్రి మెలకువ. మిగిలింది పదకొండు రోజులు. ఆరు ఊళ్లంటే నడుమ అయిదు విమానాలు. ఒక్కో విమానానికి సంచులు సర్దడం, గది ఖాళీ చేయడం, రెండు గంటల ముందు చేరడం, మూడు గంటలో నాలుగు గంటలో ఎగరడం, దిగి మళ్లీ ఊళ్లోకి పోవడం. పేరుకు మూడు గంటల విమానం, పోయేది ఒక రోజు. అయిదు రోజులు అట్లా పోతే మిగిలినవి ఆరు. ఊరికి ఒక రోజు. "బాపూ, గిదంతా ఎయిర్‌పోర్టులు చూసి రావుడే" అంది.

ఇక్కడ ఒక మాట. మన జిల్లాలకు విమానం కొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా దుబాయి పోయినవాడో మస్కట్ నుంచి వచ్చినవాడో ఉంటాడు. అంతకుముందు బొంబాయి, భీవండి. పాస్‌పోర్టు, వీసా, ఏజెంటు మన అరుగుల మీది మాటలే. కానీ అవన్నీ పనికి పోయిన ప్రయాణాలు. ఎదురు పైసలు పెట్టి, ఊరికే చూసి రావడానికి సముద్రం దాటడం మాత్రం చాలా ఇండ్లలో మా తరంతోనే మొదలైంది. అడుగుదామంటే అట్లా పోయొచ్చిన పెద్దలు లేరు. దుబాయి పోయినవాడు ఓవర్‌టైం ఎన్ని గంటలు చేస్తే అన్ని పైసలు. ఆ లెక్కనే మనం సెలవుకూ వేస్తున్నాం. ఎన్ని ఊళ్లు ఎక్కువ తిరిగితే పెట్టిన పైసలు అంత వసూలైనట్టు. ఏజెంటును అనడానికి లేదు, నేను అడిగిందే ఆయన రాసిచ్చాడు.

బిడ్డ మాటకు వచ్చిన నా కోపం మూడో రోజుకు తగ్గింది. ఉలూరు కొట్టేశాను. పెర్త్, గోల్డ్ కోస్ట్ కొట్టేశాను. కెయిర్న్స్ కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. పగడపు దిబ్బలు 2,300 కిలోమీటర్లు అని ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పానాయె. అయితే మేం పోయేది ఏప్రిల్ మొదట్లో. కుంటాల జలపాతం సంగతి ఆదిలాబాదు శ్రోతలకు నేను చెప్పాలా? వానకాలం పోతే కడెం వాగు గర్జిస్తూ దుంకుతుంది. అదే మే నెలలో చుట్టాన్ని తీసుకుపోతే ఎండిన బండలు చూపించి ఇదే కుంటాల అని చెప్పుకోవాలి. ఆ దేశానికీ అంతే. వాళ్ల ఉత్తరపు కొసన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. కెయిర్న్స్ పక్క సముద్రంలో ఆ నెలల్లో కుడితే ప్రాణాలు తీసే జెల్లీ చేపలు కూడా తిరుగుతాయి. అదే ఏప్రిల్‌లో దక్షిణాన మెల్‌బోర్న్‌లో ఆకురాలు కాలం, చల్లటి ఎండ. ఎడారి నడుమకు పోవాలంటే జూన్, జులై మంచివి. మన రామగుండం ఎండ తిన్నవాళ్లమని ధైర్యం చేసి జనవరిలో ఉలూరు పోతే, అక్కడా నలభై దాటిన ఎండే ఎదురొస్తుంది. దేశమంతటికీ ఒకే మంచి కాలం లేదు. ఈ మాట తెలిశాక కెయిర్న్స్ కొట్టేయడం సులువైంది. ఒకటి మాత్రం పొరపాటు చేశాను. ఈస్టర్ సెలవులు చూసుకోలేదు. ఆ వారం గదుల ధరలు మన సంక్రాంతి బస్సు టికెట్ల లాగా ఉన్నాయి.

మిగిలింది రెండు ఊళ్లు, మెల్‌బోర్న్, సిడ్నీ. అల్లుడు చెప్పిన చిట్కా ఒకటి అందరికీ పనికొస్తుంది. పోయేటప్పుడు మెల్‌బోర్న్‌లో దిగేటట్టు, వచ్చేటప్పుడు సిడ్నీలో ఎక్కేటట్టు ఒకే టికెట్టు తీసుకోవచ్చు. వెనక్కి పోయి మొదటి ఊళ్లో విమానం ఎక్కే పని తప్పుతుంది. ధరలో కూడా చాలాసార్లు పెద్ద తేడా ఉండదు. నేనైతే దిగిన చోటే మళ్లీ ఎక్కాలన్నది రూలేమో అనుకున్నాను, ఆర్టీసీ రిటర్ను టికెట్టు లాగా.

సామాను దగ్గర ఇంట్లో పెద్ద రభస. దానికి మందుగా మా ఇంటామెకు బర్క్, విల్స్ కథ చెప్పాను. 1860 ఆగస్టు 20న మెల్‌బోర్న్‌లోని రాయల్ పార్కు నుంచి రాబర్ట్ బర్క్, విలియం విల్స్ పెద్ద దండుతో బయలుదేరారు. దక్షిణం నుంచి ఉత్తర సముద్రం దాకా ఖండాన్ని నిలువునా దాటాలని. ఎడారి కదా అని అప్పటి ఇండియా నుంచి ఒంటెలను ఓడలో తెప్పించారు. సామాను ఇరవై టన్నులు. అందులో ఓక్ చెక్క బల్ల కూడా ఉంది! ఆ బరువుతో బండ్లు కదల్లేదు. అప్పుడు బర్క్‌కు తొందర పుట్టింది. దండును ముక్కలు చేసి, కొందరిని కూపర్స్ క్రీక్ అనే వాగు దగ్గర కాపలా ఉంచి, నలుగురే ఉరికారు. ఉత్తరపు కొస దాకా పోనైతే పోయారు. తిరుగుదారిలో ఒకడు చనిపోయాడు. మిగతా ముగ్గురు 1861 ఏప్రిల్ 21 సాయంత్రం కూపర్స్ క్రీక్ చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. నాలుగు నెలలు ఎదురుచూసిన కాపలావాళ్లు ఆ పొద్దున్నే వెళ్లిపోయారు. కొన్ని గంటల తేడా. బర్క్, విల్స్ ఆ వాగు ఒడ్డునే ప్రాణాలు విడిచారు. కింగ్ అనే ఒక్కడు బతికాడు, అదీ యాండ్రువాంధా అనే అక్కడి ఆదివాసులు తిండి పెట్టి కాపాడితే.

అంతా విని మా ఇంటామె, "ఆ బల్లకూ నా సకినాలకూ పొంతనేంది?" అంది. సకినాలు, సర్వపిండి, మామిడికాయ తొక్కు, కరివేపాకు రెమ్మలు సర్దింది.

కాబట్టి తిండి వస్తువుల సంగతీ చెప్పాలి. ఆ దేశం చుట్టూ సముద్రం. బయటి పురుగూ తెగులూ లోపలికి రాకుండా కాపాడుకోవడం వాళ్లకు పెద్ద పట్టింపు. విమానం దిగేముందు ఇచ్చే కార్డులో తిండి వస్తువులున్నాయా, మొక్కలున్నాయా, విత్తనాలున్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నాయని రాయాలి. రాసినవాడి దగ్గర పనికిరానివి ఉంటే తీసి పడేస్తారు, అంతే. దాచినవాడికి మాత్రం జరిమానా, అదీ వేల డాలర్లు. మా పెట్టె తెరిచిన అధికారిణి సకినం చేతిలో పట్టుకొని, దాని మీది నువ్వుల్ని చూసి, ఇవి విత్తనాలా అని అడిగింది. నూనెలో గోలించినవి, మొలకెత్తవు అని చెప్పడానికి నా బడి ఇంగ్లీషు సరిపోయింది. ఒకటి తినమన్నాను, నవ్వి వద్దంది. సకినాలు గట్టెక్కాయి. కరివేపాకు చెత్తబుట్టలోకి పోయింది. అది పచ్చి ఆకు, ఎంత చెప్పినా పోనివ్వరు. బీపీ గోళీలకు డాక్టరు చీటీ అడిగితే చూపించాను. ప్రయాణ బీమా లేకుండా మాత్రం పోకండి, అక్కడి దవాఖాన బిల్లు మనం మోయగలిగేది కాదు.

మేం సింగపూర్ మీదుగా పోయాం. సింగపూర్ నుంచి మెల్‌బోర్న్‌కు ఏడున్నర గంటలు. అందులో మూడు గంటల పైచిలుకు సముద్రం. ఆ తర్వాత ముందున్న తెర మీద విమానం ఆస్ట్రేలియా ఒడ్డు తాకినట్టు కనబడింది. ఇక దిగుతామని చెప్పులు వేసుకున్నాను. దిగింది ఇంకో నాలుగు గంటలకు. కిటికీ కింద ఒక్క దీపం లేదు. తెల్లవారుతుంటే ఎర్రమట్టి, దాని మీద ఎండిన వాగుల గీతలు, మళ్లీ ఎర్రమట్టి. గోడ పటం మీద బెత్తంతో రెప్పపాటులో దాటించిన నేల అది.

మెల్‌బోర్న్‌లో ఎనిమిది రోజులు. మొదటి రెండు రోజులు ఏమీ పెట్టుకోలేదు. మనవడిని బడికి దించడం, ట్రామ్ ఎక్కి నగరం నడుమ తిరగడం, అక్కడ ట్రామ్ ఉచితం. 2021 జనాభా లెక్కల్లో ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు దగ్గర. పార్కులో కూర్చుంటే పెద్దపల్లి యాస వినపడ్డది. తల తిప్పితే సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒకాయన, కొడుకు దగ్గరకు వచ్చాడట. ఆయన అప్పటికే ఆరు ఊళ్లు తిరిగొచ్చాడు. ఏది బాగుందని అడిగితే, జర ఆలోచించి, "ఫోటోలు చూసి చెప్పాలె సారూ" అన్నాడు.

గ్రేట్ ఓషన్ రోడ్డు మాత్రం చూడాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా గుట్టలు తొలిచి వేసిన దారి అది, సుమారు 240 కిలోమీటర్లు, చాలావరకు సముద్రం వెంబడే. చాలామంది పొద్దున పోయి రాత్రికి తిరిగొస్తారు. మేం నడుమ ఒక ఊళ్లో రాత్రి ఆగాం. రాత్రి అక్కడ బండి నడపడం మంచిది కాదు, మాపటివేళ కంగారూలు రోడ్డు మీదికి దుంకుతాయి. ఆగినందుకు దక్కింది ఏమిటంటే, టూరు బస్సులన్నీ వెళ్లిపోయాక ట్వెల్వ్ అపాస్టిల్స్ అనే రాతి స్తంభాల ముందు నిలబడటం. సముద్రంలో నుంచి నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి. అలలు మొదళ్లను కొరుకుతూనే ఉంటాయి. 2005 జులైలో వాటిలో ఒకటి నిలుచున్న పళంగా కూలిపోయింది. మా ఇంటామె లెక్కపెట్టి, పన్నెండేవి అంది. పన్నెండు ఎన్నడూ లేవట. పేరులోనే లెక్క ఉన్న మన హన్మకొండ వేయిస్తంభాల గుడి గుర్తొచ్చింది. ఆ సముద్రం ఒడ్డున చలిగాలిలో పొద్దుగూకేదాకా కూర్చున్నాం. నా రూళ్ల కాగితం ప్రకారమైతే ఆ పూట మేం ఏదో విమానాశ్రయంలో బెల్టు తీసి పళ్లెంలో పెడుతూ ఉండాలి.

సిడ్నీకి విమానంలో గంటన్నర. మేం పగటి రైలు ఎక్కాం, పదకొండు గంటలు. గోధుమ కోసిన పొలాలు, గొర్రెలు, వాగ్గా వాగ్గా అనే ముద్దుపేరు ఊరు. సరిహద్దులో ఆల్బరీ అనే స్టేషను వస్తుంది. ఒకప్పుడు అటు విక్టోరియా రాష్ట్రానిది ఒక గేజి, ఇటు న్యూ సౌత్ వేల్స్‌ది ఇంకో గేజి. 1962 దాకా ప్రయాణికులందరూ సామాను మోసుకొని అక్కడ రైలు మారాల్సి వచ్చేదట. ముద్ఖేడ్ మీటర్ గేజి బండి ఎక్కిన ఆదిలాబాదు వాళ్లకు ఇది విని నవ్వొస్తుంది. సిడ్నీలో నాలుగు రోజులు. 1932 నాటి వంతెన, 1973లో తెరిచిన ఆపెరా హౌస్, రైల్లో రెండు గంటల దూరంలోని బ్లూ మౌంటెన్స్, హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి. ఇవి అందరూ చెప్పేవే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

చూడలేకపోయినందుకు బాధపడ్డది ఒక్క ఉలూరుకే. 348 మీటర్ల ఎత్తున్న ఒంటి బండ. ఆనంగు అనే ఆదివాసులకు అది పవిత్ర స్థలం. 1985 అక్టోబరు 26న ఆ నేలను ప్రభుత్వం వాళ్లకు తిరిగి ఇచ్చింది. బండ ఎక్కవద్దని వాళ్లు ఏళ్ల తరబడి వేడుకుంటే, చివరికి 2019లో సరిగ్గా అదే తేదీన ఎక్కడం ఆపేశారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చే తీరు ఎరిగినవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. అట్లాంటి చోటికి పొద్దున దిగి సాయంత్రం ఎక్కేయడం కంటే పోకపోవడమే నయం. మళ్లీ పోగలిగితే జులైలో పోతాం, అదొక్కదానికే పోతాం.

పదిహేనో రోజు రాత్రి ఇల్లు చేరాం. అమ్మ అప్పటికే తమ్ముని ఇంట్లో సంచి సర్దుకొని కూర్చుంది.

ఈ ఏడు బిడ్డ దగ్గరికో కొడుకు దగ్గరికో అమెరికాకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు మొదటిసారి పోయేవాళ్లు మీలో ఉంటే ఒక్కటే కోరుతున్నాను. టికెట్లు కొనకముందు అట్లాసు పక్కన పెట్టి, ఒక దారం తీసుకొని గ్లోబు మీద కొలవండి. ముందు కరీంనగర్ నుంచి ఢిల్లీకి కొలిచి, అదే దారాన్ని ఆ దేశం మీద పెట్టి చూడండి. ఇంట్లో గ్లోబు లేకపోతే మీ ఊరి బడిలో ఉంటుంది, బీరువా మీద, దుమ్ముపట్టి. అడిగితే సారు కాదనడు.